పదకొండు గుడ్లు, ఒక్క బోర్డు

తెనాలి ఎలక్ట్రానిక్స్ హాబీ క్లబ్బువారు నాలుగేళ్లలో ఎనిమిది యంత్రాలు కనిపెట్టారు. ఆ ఎనిమిదింటిలో ఒక్కటీ ఇప్పుడు లేదు. అందుకు వాళ్లను తప్పుపట్టడానికీ వీల్లేదు. క్లబ్బు మొత్తానికి మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటే ఉంది మరి.

అరచేతి కన్నా కాస్త పెద్ద పచ్చటి పలక అది. నడుమ నల్లటి చిప్పు, ఓ పక్కన అంకెల మీటలు. ఏం చెయ్యాలో ఆ మీటలు నొక్కి అంకెల్లో చెబితే తు.చ. తప్పకుండా చేస్తుంది. కరెంటు తీసేస్తే చెప్పిందంతా మరిచిపోతుంది. ఈ రెండో గుణం వల్ల అది క్లబ్బు సభ్యులకు ఇట్టే దగ్గరైపోయింది. వాళ్లదీ అదే స్వభావం.

క్లబ్బు సమావేశాలు ప్రెసిడెంటు యలమందగారి రైస్ మిల్లు మేడ మీద, ఆదివారం మధ్యాహ్నాలు జరిగేవి. బోర్డును మద్రాసు నుంచి తెప్పించింది ఆయనే. టీ, పునుగులూ ఆయనవే. కాబట్టి ఆలోచనలు కూడా ఎక్కువగా ఆయనవే అయ్యేవి. టీ వచ్చేలోపు ఆలోచన పుట్టేది, పునుగులు వచ్చేలోపు దానికి పేరు పెట్టేవారు, చేతులు కడుక్కునేలోపు ప్రారంభోత్సవానికి ఎవర్ని పిలవాలో తేలిపోయేది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ మేడ మీదే పుట్టి ఉంటుందని సభ్యుల్లో ఏకైక ఆడమనిషి దేవకుమారికి గట్టి అనుమానం.

ఆ పైన ఎవరి వంతు అయితే వాళ్లు బోర్డును ఇంటికి పట్టుకుపోయి, వారం రోజులు కుస్తీపట్టి, వైర్లు గుచ్చి, యంత్రాన్ని తయారుచేసి తెచ్చేవారు. బల్బు వెలిగేది. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఫోటో తీసేవారు. వెంటనే వైర్లు పీకేసి బోర్డును తర్వాతి వంతుదారుకు అప్పగించేవారు. "పనిచేస్తుందని తేలిపోయాక ఇంకా దాంతో పనిచేయించటం దేనికండీ?" అనేవారు యలమంద. ఇంత వేగంగా యంత్రాలు పుట్టించే క్లబ్బు గుంటూరు జిల్లాలోనే లేదు. ఇంత వేగంగా చంపేసేదీ లేదు.

సభ్యులు నలుగురు. యలమంద కాక, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే లూకా. టంకం పెట్టడంలో అతని చెయ్యి తిరుగులేనిది. బాపట్లలో ఫిజిక్స్ చెప్పే ప్రకాశరావు మూడోవారు. షాకు కొడుతుందన్న భయంతో తన వంతు ఏనాడూ వాడుకోలేదు గాని, సిద్ధాంతానికి బోర్డు అక్కర్లేదనేవారు. నాలుగో మనిషి దేవకుమారి. రేపల్లెలో ఓ మిషన్ స్కూల్లో సైన్సు టీచరు. చర్చి ఆరాధన అయిపోగానే భర్తకీ అత్తకీ అన్నాలు పెట్టి, ప్యాసింజరు బండెక్కి తెనాలి వచ్చేది. బోర్డుకు అంకెల్లో చెప్పే భాష ఆ నలుగురిలో ఆవిడకొక్కదానికే సరిగ్గా వచ్చు. అయినా ఏ యంత్రం ఫోటోలోనూ ఆవిడ సగం మొహమైనా పడలేదు. ఫోటో తీసే సమయానికి ఎవరో ఒకరు, "టీచరుగారూ, ఆ వైరు కాస్త పట్టుకోండి," అనేవారు.

తాను కట్టింది ఒక్కటంటే ఒక్కటి నిలవాలని దేవకుమారికి ఉండేది. కొండలు పిండి కొట్టాలని కాదు. పీకకుండా ఉంటే చాలు.

ఆ ఏడు, అంటే తొంభై నాలుగులో, బోర్డు వంతు దేవకుమారికి వచ్చిన మర్నాడే అత్తగారు పుల్లమ్మ కోడిపెట్టను కుక్క ఎత్తుకుపోయింది.

మామూలు పెట్ట అయితే కూర తప్పిపోయిందని ఊరుకునేవారు. అది పొదుగుతున్న పెట్ట. వరండాలో గంప కింద పదకొండు గుడ్ల మీద కూర్చుని ఐదు రోజులైంది. కుక్క వచ్చినప్పుడు ఎగిరి గోడెక్కితే బతికేదే. లేవలేదు. పుల్లమ్మ చేటెడు ఈకలు ముందేసుకుని గుమ్మంలో కూలబడి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదని పొరుగింటివాళ్లు అనుకున్నారు. ఆ మాట ఆవిడ చెవినపడితే కాదనేదీ కాదు.

"అత్తయ్యా, గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. పాత చీరలో చుట్టి ఉంచండి. సాయంత్రంలోపు నేను పొదిగే మిషను చేస్తాను," అంది దేవకుమారి.

పుల్లమ్మ కళ్లు తుడుచుకుని కోడలి కేసి ఎగాదిగా చూసింది. "నీ డబ్బా పొదుగుద్దా? ఏంటే అమ్మాయ్, పొదగటమంటే ఏమనుకుంటన్నావు? మేతకి కూడా లెగవకూడదు. కుక్కొచ్చినా లెగవకూడదు. నీ మిషన్లు వారం తిరిగేసరికి ఊడి చేతికొస్తయ్యిగా!"

అది నిజం కాబట్టి దేవకుమారికి రోషం వచ్చింది. "ఇది ఊడదు. పిల్లల్ని తీసి మీ ఒళ్లో పెడతాను."

"తియ్యకపోతే?"

"తియ్యకపోతే ఇక తెనాలి వెళ్లను."

నోరు జారిన మాట కాదు. విసిగిపోయిన మనిషి వేసుకున్న పందెం. అన్నాక గాని ఆ పందెం బరువు తెలిసిరాలేదు. నిప్పంటుకున్న తవుడు వాసన వేసే ఆ మేడ మీదికి ఆదివారాలు వెళ్లకపోతే, ఏడు రోజులూ సోమవారాలే అయిపోతాయి.

స్కూలుకు సెలవు పెట్టి పనిలోకి దిగింది. మిక్సీ వచ్చిన పెట్టె, అందులోని థర్మోకోలు, స్కూటరు హెడ్‌లైటు బల్బు, భర్త రాజారత్నం ఎవర్నో అడిగి మోసుకొచ్చిన పాత ట్రాక్టరు బ్యాటరీ. రాజారత్నం మండలాఫీసులో గుమాస్తా. ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య మాట్లాడటం ఎప్పుడో మానేసి బరువులు మోయడానికి అలవాటుపడిన మనిషి. పెట్టెలో వేడి ఎంత ఉందో బోర్డు చూసుకుంటుంది. తగ్గితే బల్బు వెలిగిస్తుంది, పెరిగితే ఆర్పేస్తుంది. మనిషికి కాస్త జ్వరం తగిలినంత వేడి, అంతే. ఒక పక్క చిన్న గిన్నెలో నీళ్లు. ముందు వైపు చిన్న అద్దం, వెనక వైపు కన్నంలోంచి స్కూలు థర్మామీటరు. దీపాలు పెట్టే వేళకు పెట్టె టిక్కుమంది, బల్బు వెలిగింది. మళ్లీ టిక్కుమంది, ఆరింది.

పుల్లమ్మ నమ్మలేదు. పెట్టె పక్కనే చాప వేసుకుని పడుకుంది. టిక్కు వినపడటం కాస్త ఆలస్యమైతే, "అమ్మాయ్, నీ డబ్బాకి ప్రాణం పోయింది," అని కేకేసేది. రోజుకు మూడుసార్లు గుడ్లు తిప్పే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఆదివారం వచ్చింది. బోర్డు అప్పగించాల్సిన రోజు. దేవకుమారి ఉత్త చేతులతో తెనాలి వెళ్లి సంగతి చెప్పింది. క్లబ్బు చరిత్రలో వంతు దాటి బోర్డు ఉంచుకున్నవారు లేరు.

"నా వంతు వాడుకో అక్కా," అన్నాడు లూకా. "మా ఆవిడ కూడా సంతోషిస్తది."

"మరి ఆ పై వారం నాదమ్మా," అన్నారు యలమంద. "ఆ బుధవారమే బాపట్లలో విజ్ఞాన మేళా. పెద్ద ఆఫీసరుగారు వస్తున్నారు. మనం ఎంట్రీ ఇచ్చేశాం."

"బుధవారానికే పిల్లలు రావాలండి. ఆ ఒక్కరోజు దాకా..."

యలమంద మొహం వెలిగింది. "అయితే ఇంకేం! గుడ్ల మిషనూ పట్టుకొచ్చెయ్యండి. అది కూడా రాయించేస్తాను. రెండు ఎంట్రీలు!"

దేవకుమారి ఊపిరి పీల్చుకుంది. ఆ సంబరంలో, రెండో ఎంట్రీ సరే, మొదటిదేంటి అని అడగాలని ఆవిడకు తోచలేదు. మిగతావాళ్లకూ తోచలేదు. నాలుగేళ్లుగా ఒకే కోడిని ఎనిమిది కూరల్లో లెక్కేసుకుంటూ వచ్చినవాళ్లకు తొమ్మిదో కూర ఓ లెక్కా?

ఆ బుధవారం పొద్దున్నే రేపల్లె బండిలో పెట్టె, బ్యాటరీ, రాజారత్నం, దేవకుమారి, పుల్లమ్మ ఎక్కారు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోవడం ఎరుగుదుం గాని, పెట్ట లేని గుడ్లకు ప్రయాణం కట్టడం అదే మొదలు. పుల్లమ్మను రావద్దంటే, "నా గుడ్లు నేను లేకుండా ఏ ఊరూ పోవు," అంది. పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెనాలిలో బండి మారి బాపట్ల బండెక్కేసరికి పెట్టెలోంచి సన్నగా కిచ్‌మంది. పుల్లమ్మ చెవి ఆనించింది. మరోసారి కిచ్‌మంది. ఎదురు బెంచీలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాయన ఒలవడం ఆపేశాడు.

"పలికిందే!" అంది పుల్లమ్మ. "గుడ్డులోంచే పలికింది, దేవకుమారీ!"

కోడల్ని పేరుపెట్టి పిలవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. దేవకుమారికి ఆ కుదుపుల్లో కూడా హాయిగా అనిపించింది.

ఆ హాయి బాపట్లలో మేళా జరిగే హాలు గుమ్మం దాకా మాత్రమే వచ్చింది. గుమ్మంలో రంగు కాగితాలు చుట్టిన ఇనప చట్రం నిలబెట్టి ఉంది. చట్రం పైన కొక్కేనికి బంతిపూల దండ. కింద చాప. పక్కన కొత్త ధోవతిలో యలమంద.

"స్వయంచాలక స్వాగత యంత్రం," అన్నారాయన. "చాప మీద కాలు పెట్టగానే దండ మెళ్లో పడుద్ది, ఎర్ర లైట్లలో స్వాగతం అని వస్తది. మన లూకా వైర్లన్నీ పెట్టేశాడు. ఇహ బోర్డు తగిలించటమే!"

లూకా తల గోక్కుంటూ, "ప్రెసిడెంటుగారూ, మరి బోర్డు ఒకటేనండి," అన్నాడు.

ఎనిమిది యంత్రాల క్లబ్బుకు ఆ సంగతి మొట్టమొదటిసారి ఆ గుమ్మంలో తెలిసింది. ఎనిమిది ఫోటోలు గోడకు వేలాడుతుంటే బోర్డులు కూడా ఎనిమిది ఉన్నట్టే అనిపించింది పాపం యలమందకు. అంత డబ్బున్న మనిషి ఇంకో బోర్డు ఎందుకు తెప్పించలేదు అంటే, ఉన్నదాంతోనే ఇన్ని అవుతుంటే రెండోది దేనికి అన్నది ఆయన ప్రశ్న.

ప్రకాశరావు గొంతు సవరించుకున్నారు. "కంగారు పడకండి. పెద్ద కంప్యూటర్లన్నీ కాలాన్ని పంచుకునే పనిచేస్తాయి. ఓ అరగంట బోర్డు గుడ్ల దగ్గర, ఓ అరగంట దండ దగ్గర ఉంచుదాం. సిద్ధాంతపరంగా రెండూ నడుస్తాయి."

"తీసినప్పుడల్లా చెప్పిందంతా మరిచిపోతుందండి," అంది దేవకుమారి. "మళ్లీ మీటలు నొక్కి చెప్పుకురావడానికే అరగంట."

"సిద్ధాంతపరంగా అన్నాను."

"గుడ్లు చచ్చిపోతాయండి. ఇవాళే పగులుతున్నాయి. ఇందాక బండిలో ఒకటి పలికింది కూడా."

యలమంద చెడ్డమనిషి కాదు. ఆయన మొహంలో జాలి స్పష్టంగానే కనిపించింది. కాని జాలి వెనకే, దండ లేకుండా గుమ్మం దాటి వచ్చేస్తున్న పెద్ద ఆఫీసరు కూడా కనిపించాడు. "నా వంతమ్మా ఇది," అన్నారు మెల్లగా. "రూలు మీకూ తెలుసు. ఒక్క గంట."

దేవకుమారి అందరి మొహాలూ చూసింది. పెట్టెలోంచి మళ్లీ కిచ్‌మంది. ఇక వాదిస్తూ కూర్చుంటే అవతల వేడి తగ్గిపోతుంది. వాదన గెలిచినా గుడ్లు ఓడిపోతాయి. ఒక్కసారిగా ఆవిడకు విపరీతమైన కోపం వచ్చింది, ఆ కోపంలోనే తల తేటపడింది.

"ఒక స్విచ్చు ఇవ్వు తమ్ముడూ," అంది లూకాతో. "మామూలు కాలింగ్ బెల్లు స్విచ్చు."

బోర్డు తానే పీకి యలమంద చేతిలో పెట్టింది. దానికి స్వాగతం నేర్పే మీటలు లూకా తనకొచ్చినంతలో నొక్కుకున్నాడు. బల్బు వైర్లు స్విచ్చుకు చుట్టింది. బోర్డు చేసే పనేంటి? థర్మామీటరు చూడటం, తగ్గితే వెలిగించడం, పెరిగితే ఆర్పడం. ఆ అంకెలన్నీ రాసింది తనే కదా. హాల్లో క్లబ్బుకిచ్చిన బల్ల మీద పెట్టె ఉంచి, దాని వెనక పీట వేసుకుని, థర్మామీటరుకు ఎదురుగా, బొటనవేలు స్విచ్చు మీద పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. యలమంద ముందురోజే బ్యానరు రాయించి తెచ్చారు. 'మనిషి చెయ్యి తగలకుండా గుడ్లు పొదిగే యంత్రం' అని, ఎర్రటి అక్షరాల్లో, దూరాన్నించి వచ్చేవాళ్లకు కూడా తెలిసేలా. దాని కిందే చెయ్యి తగిలిస్తూ మనిషి.

"అమ్మా, ఏమనుకోకండి. మీ వెనక వేలాడే ఆ తెర కాస్త ముందుకు లాగమంటారా?" అన్నారు నసుగుతూ.

"లాగండి. గాలి రాకుండా ఉంటది, గుడ్లకి మంచిది," అంది దేవకుమారి, థర్మామీటరు మీంచి చూపు తిప్పకుండా.

తెర లాగారు. అప్పట్నుంచీ మేళా అంతా ఆవిడకు చెవులతోనే తెలిసింది. బయట జీపు ఆగింది. బూట్ల చప్పుడు. "దయచెయ్యండి, దయచెయ్యండి" అని యలమంద గొంతు. ఆ వెంటనే జనం ఒక్కసారి గొల్లున నవ్వారు. దారి చూపిస్తూ ముందు నడిచిన ఆఫీసరుగారి బంట్రోతు, డఫేదారు, చాప మీద కాలు పెట్టాడు. దండ అతని మెళ్లో పడింది. ఎర్ర లైట్లు అతనికి స్వాగతం చెప్పాయి. పాతికేళ్ల సర్వీసులో తనకు దండపడటం అదే మొదలని అతను అక్కడే నిలబడిపోయాడు. వెనక ఆఫీసరుగారు ఆగిపోయారు. రెండో దండ తేలేదు. తేవాలని ఎవరికీ తట్టలేదు.

ఆ గందరగోళాన్ని చీలుస్తూ గుడ్ల పెట్టె దగ్గర్నించి పుల్లమ్మ కేక వినపడింది.

"వచ్చిందయ్యో! తల బయటపెట్టింది!"

జనం ఇటు పరిగెత్తుకొచ్చారు. ఆఫీసరుగారికి కూడా మొహం దాచుకోవడానికి ఓ చోటు కావాలి, ఆయనా ఇటే వచ్చారు. పెట్టె ముందు వైపు అద్దంలోంచి తడిసిన పత్తి ఉండలాంటి పిల్ల పెంకు నెట్టుకుంటూ కనిపించింది. పక్కన మరో గుడ్డు బీటలు వారింది. బల్బు వెలిగింది. ఆరింది.

"ఆహా!" అన్నారు ఆఫీసరుగారు. "తనంతట తనే వెలిగి ఆరుతోందే! ఎంత కచ్చితంగా!"

తెర వెనక దేవకుమారి బొటనవేలు నొప్పెడుతోంది. మెడ పట్టేసింది. దాహం వేస్తోంది. అయినా ఆ 'కచ్చితంగా' అన్న మాటకు నవ్వు ఆగలేదు.

"సార్, ఇదంతా మైక్రోకంట్రోలర్ మహిమ," అంటున్నారు ప్రకాశరావు. "తగినంత వేడి ఎంతో అదే కనిపెట్టుకుని ఉంటుంది. దానికి అలుపు లేదు, ఆకలి లేదు, పరధ్యానం లేదు."

"ఎక్కడుందండీ అది?"

బోర్డు గుమ్మంలో, ఖాళీ కొక్కేనికి ఇంకా స్వాగతం చెబుతూనే ఉంది.

"లోపల ఉందండి," అన్నారు యలమంద. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు.

ఒక్క గంటన్న బోర్డు తిరిగి రానే లేదు. మధ్యాహ్నానికి తొమ్మిది పిల్లలు బయటపడ్డాయి. మొదటి బహుమతి షీల్డు తెనాలి క్లబ్బుకే అని మైకులో చెప్పారు. మనిషి చెయ్యి తగలకుండా ఒక ప్రాణిని లోకంలోకి తెచ్చిన ఈ యంత్రం రాబోయే కాలానికి గుర్తని ఆఫీసరుగారు చాలాసేపు మాట్లాడారు. ఇలాంటి యంత్రం తయారుచెయ్యడానికి ఎంతకాలం పట్టిందని అడిగితే, "ఒక్క పూటండి!" అన్నారు యలమంద గర్వంగా. చప్పట్లు మారుమోగాయి. దేవకుమారి థర్మామీటరు చూసుకుని బల్బు వెలిగించింది. చప్పట్లకు వేడి తగ్గదు, పెరగదు.

ఏడుపు వస్తుందేమో అనుకుంది. వచ్చింది కూడా, కొద్దిగా. కళ్లల్లో నీళ్లు నిండితే అంకెలు కనపడవని గబగబా భుజానికి తుడిచేసుకుంది.

లూకా తెర పక్కకు లాగి తల లోపలపెట్టాడు. మొహం చింకి చాటంత అయింది. "అక్కా, షీల్డు మనకే! ఫోటో తీస్తన్నారు, రా! ఈసారి నువ్వు లేకుండా తియ్యనివ్వను. లే అక్కా, లే!"

నాలుగేళ్లుగా వినాలనుకున్న మాట అది. దేవకుమారి పెట్టె కేసి చూసింది. ఇంకా రెండు గుడ్లు. ఒకదానికి పెంకు మీద చిన్న చిల్లు పడింది. రెండోది ఊరికే కదులుతోంది.

ఆవిడ నోరు తెరిచేలోపే లూకా చెయ్యి మీద ఒక దెబ్బ పడింది. పుల్లమ్మ. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో పులిహోర పొట్లం. చెంగు మూటగట్టి బొడ్లో దోపుకుంది. అందులో ఆరిన పిల్లలు కిచకిచలాడుతున్నాయి.

"అవతలికి పోరా!" అంది. "పొదిగే దాన్ని లేపుతారంట్రా ఎవురన్నా?"

తెర మళ్లీ మూసేసి కోడలి పక్కన నేల మీద చతికిలబడింది. పులిహోర ముద్ద చేసి, స్విచ్చు మీది చెయ్యి కదలకుండా, నోటి దగ్గర పెట్టింది.

"తిను. నువ్వు చూపు తిప్పమాక. ముద్దలు నేను పెడతా."